తిరుగుటపా

పోస్టాఫీసులో ఉత్తరాలు విడగొట్టే గుమాస్తా ఇంట్లో రోజూ ఒకేలా తెల్లారేది. అతని భార్య నీళ్ళు కాచి స్టీలు గిన్నెలో పోసి బల్ల మీద పెట్టేది. అతను చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ మణికట్టు దాకా అందులో ముంచుకుని కూర్చునేవాడు. నీళ్ళు చల్లారేవి గాని చేతులు వెచ్చబడేవి కావు. అయినా ఆవిడ కాచడం మానలేదు. తువ్వాలుతో తుడుస్తూ, "మంచుగడ్డలు నయం మీ చేతులకంటే. ఆ డబ్బా మూత మీరు ముట్టుకోకండి, కూర చల్లారిపోతుంది" అని విసుక్కునేది. అతను నవ్వి, డబ్బా సంచీలో పెట్టించుకుని బయల్దేరేవాడు.

అతను కిందటి వానాకాలంలో చనిపోయాడు. ఆఫీసులోనే, ఉత్తరాల మూట విప్పుతూ విప్పుతూ ముందుకు వాలిపోయాడు. డాక్టరు చూసి పెదవి విరిచాడు. మర్నాడు చర్చిలో పెట్టె తెరిచి ఉంచి ఆరాధన జరుపుతుండగా, రెండో పాట మధ్యలో అతను లేచి కూర్చున్నాడు. పాడుతున్నవాళ్ళు ఆ చరణం పూర్తిచేశారు. పాస్టరుగారు కాసేపు చేతిలోని పుస్తకం వంక చూసి, సమాధి దగ్గర చదవాల్సిన పేజీలు తిప్పేసి, చివరి ఆశీర్వాదం చెప్పేశారు. గుంత తవ్విన మనిషి గుమ్మంలో నిలబడి, పూడ్చెయ్యనా ఉంచనా అని అడిగాడు.

"ఉంచవయ్యా, ఎవరో ఒకరికి పనికొస్తుంది" అంది పోయినవాడి వదిన. పాపం, ఆవిడ చాలా దూరం నుంచి పడుతూ లేస్తూ వచ్చింది.

వండిన భోజనం అందరూ తినే వెళ్ళారు. సోమవారం అతను ఆఫీసుకు వెళ్తే, స్టాంపులమ్మే ఆవిడ తల ఎత్తి, "వచ్చారా, మీ కుర్చీ కిటికీ పక్కకి జరిపాం" అంది. మూటలు మోసే అతను మాత్రం ఊరుకోలేదు. "అక్కడ చిరునామా సరిపోలేదన్నమాట. తిప్పి పంపేశారు" అన్నాడు. ఆ రోజు నుంచి అతని పేరు తిరుగుటపా అయింది. పోస్టుమాస్టరు కూడా అలాగే పిలవసాగాడు.

చావు నుంచి తిరుగుటపా వెంట తెచ్చుకున్నవి రెండే. ఒకటి ఆ చల్లటి చేతులు. రెండోది సగం విన్న మాట. "వెళ్ళు, ఇంకా…" అని ఎవరో అన్నారు. ఆ మిగతాది వినేలోగా చెవుల్లో పాట హోరెత్తింది, కళ్ళు తెరిస్తే చర్చి కప్పు కనబడింది. ఇంకా ఏమిటి? ఇంకా టైం ఉందనా? ఇంకా పనుందనా? ఏ పని? ఉత్తరాలు విడగొట్టడానికి మనుషుల్ని చావులోంచి లేపరు కదా. అన్నం తింటున్నా, బస్సు కోసం నిలబడినా అదే ధ్యాస.

"మీరంతే. ముప్ఫయ్యేళ్ళుగా నేను చెప్పేది మాత్రం ఏనాడు చివరిదాకా విన్నారు?" అనేది భార్య.

అంతకు ముందు అతనిది ఆదివారపు భక్తి. ఫ్యాను కింద చోటు చూసుకుని కూర్చునేవాడు, ప్రసంగం సాగితే గడియారం చూసుకునేవాడు. ఇప్పుడు ముందు వరుసలో కూర్చుని ఒక్కో మాటా చెవులు రిక్కించి వింటున్నాడు, ఆ మిగిలిన సగం ఎక్కడైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఒక మధ్యాహ్నం, కౌంటరు దగ్గర మనిషి లేకపోతే తిరుగుటపా వెళ్ళి కూర్చున్నాడు. ఆ వీధి చివర దర్జీ పార్సిలు కట్టించుకోవడానికి వచ్చాడు. రసీదు అందుకుంటుంటే వేళ్ళు తగిలాయి.

"అబ్బ, ఎంత వెచ్చగా ఉందండీ మీ చెయ్యి" అన్నాడు దర్జీ.

తిరుగుటపా ఆనందం పట్టలేకపోయాడు. సాయంత్రం గబగబా ఇంటికొచ్చి భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి లాక్కుని, "ఇంకా చల్లబడ్డాయి" అంది. అప్పుడే పక్కింటి నుంచి కబురు తెలిసింది. దర్జీ దుకాణం మూసి తాళం వేస్తూ పోయాడట.

తర్వాత స్టాంపులావిడ అత్తగారు. కోడలికి మందుచీటీ ఇచ్చిపోదామని ఆఫీసుకొచ్చి, మెట్టు దిగలేక తిరుగుటపా చెయ్యి అందుకుంది. "ఇంత కాకలో పనిచేస్తున్నావేమిటి బాబూ, చెయ్యి కాలిపోతోంది" అంది. ఆ వారం దాటలేదు. ఆ తర్వాత బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి. అప్పటికి ఊళ్ళో అందరికీ అర్థమైపోయింది.

ఎవరూ అతన్ని తప్పించుకు తిరగలేదు. అలా చేసినా బాగుండేది. స్టాంపుల వంకతో, కార్డుల వంకతో జనం రావడం మొదలుపెట్టారు. అతన్నే కూర్చోమని అడిగి, రసీదు తీసుకుంటూ వేళ్ళు తగిలించి, "చల్లగానే ఉంది" అని తమలో తాము గొణుక్కుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరిద్దరు మాత్రం ఏమీ అనకుండా చెయ్యి వెనక్కి తీసుకుని, రసీదు అక్కడే మర్చిపోయి, నెమ్మదిగా తలుపు దాటేవాళ్ళు. అతను వాళ్ళ వీపుల వంకే చూస్తూ ఉండిపోయేవాడు.

"చావుకబురు చల్లగా చెప్పినట్టంటారు. మనవాడు వెచ్చగా చెప్తాడు" అన్నాడు మూటలు మోసే అతను. ఎవరూ నవ్వలేదు. అన్నవాడూ నవ్వలేదు.

తిరుగుటపా ఉన్ని చేతితొడుగులు కొనుక్కున్నాడు. ఎండలో కూడా తియ్యడం మానేశాడు. పొద్దున వేణ్ణీళ్ళ దగ్గర భార్య "మంచుగడ్డలు" అని విసుక్కునే క్షణం దాకా అతనికి ఊపిరి ఆడేది కాదు. ఆవిడ విసుక్కున్నాకే ప్రాణం కుదుటపడేది. కొన్నాళ్ళకు ఆఫీసుకు సెలవు పెట్టాడు. చర్చి మానేశాడు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఒకరోజు, "అక్కడే ఉండిపోయినా బాగుండేది" అన్నాడు.

ఆవిడ చేస్తున్న పని ఆపింది. కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళి పాస్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది.

పాస్టరుగారు అరవై దాటిన మనిషి. భార్య పోయింది, చర్చి వెనక రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉంటారు. మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇందుకేనా అయ్యగారూ నన్ను తిప్పి పంపింది? చావుకబుర్లు మొయ్యడానికా?" అన్నాడు తిరుగుటపా, గోడవైపు నుంచి తిరక్కుండానే.

"నాకు తెలియదయ్యా."

"మీకే తెలియకపోతే ఎలా?"

"నువ్వు పెట్టెలోంచి లేచిన రోజు నుంచి నాకూ నిద్ర సరిగ్గా లేదు. అందరికీ తెలిసినట్టే చెప్తాను గాని, నీ విషయంలో నాకేమీ తెలియదు. ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. నువ్వు 'ఇంకా' దగ్గర ఆగిపోయావు. దానికి ముందు మాట పూర్తిగానే విన్నావు కదా."

"వెళ్ళు అనా?"

"బైబిల్లో విశ్వాసులందరికీ తండ్రి అనిపించుకున్నాయనకి కూడా దేవుడు అంతే చెప్పాడు. ఎక్కడికో చెప్పలేదు. ఆయన మూటాముల్లే సర్దుకుని బయల్దేరాడు. నువ్వు మంచం దిగు, చాలు. నాతో ఆస్పత్రికి రా."

ఆస్పత్రి వార్డులో, చివరి మంచం మీద ఒక ముసలామె ఉంది. కూతుళ్ళూ కొడుకులూ లేరు. నర్సులు వేళకు మందులిచ్చి పోతారు. మూడు దుప్పట్లు కప్పినా వణుకుతోంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు గాని ఆవిడ విన్నట్టు లేదు. ఎండిన చెయ్యి ఒకటి దుప్పటి కిందనుంచి బయటికొచ్చి, గాలిలో దేనికోసమో వెతుక్కుంటోంది.

తిరుగుటపా చాలాసేపు ఆ చేతిని చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత తొడుగు తీసి జేబులో పెట్టుకుని, ఆ చేతిని పట్టుకున్నాడు.

ఆవిడ వణుకు ఆగింది. "నాయనా," అంది కళ్ళు తెరవకుండానే, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు? లోపల్లోపల ఎముకల్లో చలి. ఈ దుప్పట్లకు పోదు."

"ఇక్కడే ఉన్నానమ్మా."

"నువ్వు అటెళ్ళొచ్చినవాడివట కదా. నర్సమ్మ చెప్పింది. అవతల చీకటిగా ఉంటుందా?"

ఓదార్చడానికి ఏమైనా చెప్పొచ్చు. అతనికి మనసొప్పలేదు. కళ్ళు మూసుకుని, అంతకుముందు ఎన్నడూ లేనంత జాగ్రత్తగా గుర్తుచేసుకున్నాడు.

"చీకటో వెలుగో గుర్తులేదమ్మా. కానీ ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచారు."

"ఎవరు?"

"నేనెవరో బాగా తెలిసినవారు. ఆ పిలుపులోనే తెలిసింది. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నవారు పిలిచినట్టుంది."

"అయితే సరే" అంది ముసలామె. ఇంకేమీ అడగలేదు. అతని చెయ్యి చెంప కింద పెట్టుకుని పడుకుంది. పొద్దు వాలేదాకా అలాగే ఉంది. ఆ తర్వాత లేదు.

ఆ రోజు తిరుగుటపా ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు. భార్య అడ్డు చెప్పలేదు, మళ్ళీ వడ్డించింది. మర్నాడు చేతితొడుగులు ఎవరికో ఇచ్చేశాడు.

అప్పటి నుంచి ఆఫీసు అయ్యాక నేరుగా ఆస్పత్రికి వెళ్ళేవాడు. నర్సులు అతనికోసం ఒక స్టూలు వేరుగా ఉంచారు. ఏ మంచానికి వెళ్ళాలో వాళ్ళే సైగ చేసేవాళ్ళు. అతనికి పెద్ద ప్రార్థనలు రావు. వచ్చిన నాలుగు మాటలే చెప్పేవాడు, చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు. కొన్ని రోజులు భరించలేక మెట్ల మీద కూర్చుని ఏడ్చేవాడు. "రేపు వెళ్ళను" అని భార్యతో అనేవాడు. ఆవిడ "సరే" అనేది. మర్నాడు సాయంత్రం ఆ బస్సే ఎక్కేవాడు.

ఇలా ఉండగా, ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు ఎప్పటిలా గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి పంపుతున్నారు. తిరుగుటపా వంతు వచ్చింది. చేతులు కలిశాయి.

"చల్లగానే ఉందయ్యా" అన్నారు పాస్టరుగారు.

చెయ్యి ఎలా ఉందని అతను అడగలేదు. ఎన్నడూ అడగలేదు. పాస్టరుగారు అప్పుడే వెనకాల ఉన్నవాళ్ళ వైపు తిరిగి నవ్వుతూ మాట్లాడుతున్నారు, కానీ ఇవతలి చెయ్యి వదిలిపెట్టడం మర్చిపోయారు.

జనం వెళ్ళిపోయాక తిరుగుటపా లోపలికొచ్చాడు. పాస్టరుగారు కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నారు.

"మీరు అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు అయ్యగారూ."

పాస్టరుగారు చివరి కిటికీ మూసి, బెంచీ మీద కూర్చున్నారు. "నిప్పులా ఉంది" అన్నారు మెల్లగా. "బుధవారం ప్రార్థన ఉంది. ఇద్దరు పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలి. కప్పు కారుతోంది, పనివాళ్ళు రేపొస్తామన్నారు" అన్నారు.

"అవి ఎవరైనా చేస్తారు. అమ్మాయి దగ్గరికి వెళ్దాం పదండి."

పాస్టరుగారి ఒక్కగానొక్క కూతురు ఆయనకు ఇష్టంలేని పెళ్ళి చేసుకుని పక్క ఊళ్ళో కాపురముంటోంది. ఆ పెళ్ళి ఆయన చెయ్యనన్నారు, వెళ్ళలేదు. ఆ తర్వాత ఆ ఇంటి ఊసే ఎత్తలేదు. తప్పిపోయి తిరిగొచ్చిన కొడుకు కథ చెప్పాల్సిన ఆదివారాల్లో ఆయనకు గొంతు పట్టేస్తుందని చర్చిలో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు.

"ఆ గడప తొక్కనని దేవుడి ముందు అన్నానయ్యా" అన్నారు పాస్టరుగారు.

"నేను వెళ్ళినప్పుడు అక్కడ ఎవరూ అలాంటివి అడిగినట్టు గుర్తులేదు."

"నీకేం గుర్తుంది గనక."

"అదే చెప్తున్నా. పేరు పెట్టి పిలవడం ఒక్కటే గుర్తుంది. మీరు అమ్మాయిని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయింది?"

పాస్టరుగారు పైకి చూశారు, కిందికి చూశారు. తర్వాత లేచి, లోపలికెళ్ళి, ఒక చొక్కా, కళ్ళజోడు పెట్టె సంచీలో వేసుకుని వచ్చారు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకచోట పాస్టరుగారు, "నాకు భయంగా ఉందయ్యా. చావంటే కాదు, ఆ తలుపంటే" అన్నారు. తిరుగుటపా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఊరొచ్చేదాకా వదల్లేదు.

మెట్లెక్కి తలుపు కొడితే లోపలినుంచి "ఎవరూ?" అని ఆడగొంతు వినబడింది. పాస్టరుగారు గోడకి చెయ్యి ఆనించి నిలబడి, కూతుర్ని పేరు పెట్టి పిలిచారు. ప్రసంగాల్లో వినిపించే గొంతు కాదది. లోపల ఏదో గిన్నె కింద పడింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

ఆ అమ్మాయి తండ్రిని ఎగాదిగా చూసింది. "ఇలా చిక్కిపోయారేంటి నాన్నా," అంది, "లోపలికి రండి, గాలి కొడుతోంది."

పాస్టరుగారు ఇంకా తిరుగుటపా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉన్నారు. అతను ఒక్కొక్క వేలూ మెల్లగా విడిపించి, ఆ చేతిని కూతురి చేతిలో పెట్టాడు. "ఉంటానమ్మా, బస్సు టైమైంది" అని మెట్లు దిగిపోయాడు.

గురువారం సాయంత్రం అతను వార్డులో ఉన్నాడు. ఒక లారీ డ్రైవరు, బండలాంటి మనిషి, భయంతో బిగుసుకుపోయి అతని రెండు చేతులూ పట్టుకుని ఉన్నాడు. అప్పుడు ఫోనొచ్చింది. చేతులు వదిలించుకోవడం కుదరదని తెలిసి, నర్సే ఫోను తెచ్చి అతని చెవికి ఆనించి పట్టుకుంది.

"నేనండీ, పాస్టరుగారి అమ్మాయిని" అంది అవతలి గొంతు. "ఇందాకే. కుర్చీలో కూర్చుని మా ఆయనతో ఏదో వాదిస్తూ, మధ్యలో నన్ను పిలిచారు. వెళ్ళాను. చెయ్యి పట్టుకున్నాను. అంతే." ముక్కు చీదుకుని మళ్ళీ అందుకుంది. "ఈ నాలుగు రోజులూ మా ఇంట్లో ఆయన పనికిమాలిన కబుర్లన్నీ చెప్పారండీ. అన్నీ చెప్పారు."

"మంచిదమ్మా" అన్నాడు తిరుగుటపా. కళ్ళలోంచి నీళ్ళు గడ్డం మీదికి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"మీరు ఎప్పుడొస్తారు?"

డ్రైవరు కళ్ళు తెరిచి అతని వంక చూశాడు, వెళ్ళిపోతాడేమోనని.

"ఇక్కడ ఒకరు ఉన్నారమ్మా. ఆయన్ని సాగనంపి వస్తాను" అన్నాడు. నర్సు ఫోను తీసేసింది. అతను స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, ఆ డ్రైవరు పేరేమిటో అడిగి, ఆ పేరుతో ప్రార్థన మొదలుపెట్టాడు.