బండలు ఆరేదాకా

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

అప్పటికే అజ్మత్ బీ మూడు గదులు కడిగి నాలుగో గదిలో వంగింది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు, జమ్మలమడుగులో ఒక సర్కారు ఆఫీసు అది. కింద పరిచినవన్నీ నల్లటి నాపరాళ్లు. తడి మీద ఎవరు కాలు పెట్టినా వేళ్లతో సహా అచ్చు పడేది. అందుకని పద్దెనిమిదేళ్లుగా ఆమెది ఒకటే పద్ధతి. కడగడం అయ్యాక గడపలో అడ్డంగా కాళ్లు చాపి కూర్చుంటుంది. బండలు ఆరి, "పోండప్పా" అని ఆమె కాళ్లు ముడిచేదాకా ఎంతటివాడైనా వసారాలో నిలబడవలసిందే.

ఆ పొద్దు మాత్రం ఎడమ రొమ్ము కింద ఏదో పట్టేసినట్టుంది. బావి నుంచి నీళ్లు మోస్తూ రెండుసార్లు గోడకు ఆనుకుంది. ఎవరికైనా చెబుతుందా? చెప్పలేదు. ముసలిది వంగలేకపోతోంది, మార్చేద్దామని కడపకు కాగితం పోయింది మరి. ఉంచేదీ తీసేదీ ఇవాళ తనిఖీకి వచ్చే పెద్ద ఆఫీసరే బండలు చూసి చెబుతాడట. మగ్గం నేసే మొగుడు పోయాక ప్రొద్దుటూరు విడిచి వచ్చిన మనిషి. ఈ పని పోతే పొద్దున లేచి వెళ్లడానికి ఆమెకు ఇంకో చోటు లేదు.

కడగడం ముగించి ఆమె గడపలో కాళ్లు చాపేసరికి హెడ్ గుమాస్తా వరదరాజులు చెప్పులు చేతపట్టుకుని గడప దాకా వచ్చాడు.

"యాడికప్పా? ఆడ్నే నిలబడు."

"ఫైళ్లు సర్దుకోవల్ల అజ్మత్ బీ. దొర వచ్చే యాళయింది."

"నీ కాళ్లు కడిగేదానికి ఇంట్లో నీ పెండ్లాం రుక్మిణమ్మ ఉండాది. నా బండలకు నేనొక్కదాన్నే."

"నువ్వు ఆఫీసరువైతే మేమంతా ఊరిడిసి పోవల్సిందే!"

వసారాలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, ద్వారబంధానికి వీపు ఆనించి, ఎండ తగలకుండా కొంగు ముఖం మీదికి లాక్కుంది. "ఆరనీండి. నేనే చెప్తా."

అరగంటకు జీపు వచ్చింది. ఎనిమిది మంది గుమాస్తాలు వసారాలో వరసగా నిలబడి ఉండడం చూసి ఆఫీసరు ఆగిపోయాడు.

"ఏమయ్యా, అందరూ బయటే ఉన్నారు?"

"తడి సార్," వరదరాజులు నసిగాడు. "ఆమె ఇంకా లోపలికి పొమ్మనల్యా."

ఆయన మెడ చాచి ఆమె తల మీదుగా లోపలికి చూశాడు. ఒక్క మరక లేదు, ఒక్క అడుగు అచ్చు లేదు. "ఇట్లాంటి మనిషిని మార్చాలని రాసిందెవరు? ఈమెనే ఉంచండి."

వరదరాజులు సంబరంగా ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. "వింటివా? నిన్నే ఉంచమన్నాడు దొర. లెయ్, కాళ్లు తియ్," అని భుజం తట్టాడు.

ఆమె అట్లాగే పక్కకు ఒరిగిపోయింది.

పట్టుకోబోయిన వరదరాజులు చెయ్యి లోపలి బండను తాకింది. పొడిగా, ఎండకు వెచ్చగా ఉంది. ఎప్పుడో ఆరిపోయింది. చదువుకున్న ఎనిమిది మంది, ప్రాణం లేని మనిషి ఎప్పుడు పొమ్మంటుందా అని అంతసేపూ ఎదురుచూశారు. ఆమెను ఎత్తుకుపోయాక కూడా ఆ పూట ఒక్కరూ ఆ గడప దాటలేకపోయారు.

మరిచిపోవద్దు తల్లీ. ఎవరికైనా చెప్పేటప్పుడు అజ్మత్ బీ అని పేరు పెట్టి చెప్పు. లేపేటప్పుడు ఆమె ఒళ్లోంచి జారి గడప మీద పడినదాన్ని కూడా చెప్పు. సున్నం రాసి, ఇంకా మడవని ఒక తమలపాకు.