వెంకయ్య మాట విన్న మోటారు

నస్రత్ గుంటూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, చిలకలూరిపేటలో మేనమామ జాన్ బాషా మోటార్ల వైండింగ్ షాపులో ఒక మూల బల్ల వేసుకుంది. 2004లో ఆమెకు దొరికిన మొదటి గిరాకీ మిరప రైతు వెంకయ్య. చేలో రేకుల షెడ్డులో ఉన్న మోటారును ఇంటి అరుగు మీద నుంచే నడిపే రిమోట్ కావాలన్నాడు. పేకాట మధ్యలో లేవడం ఇష్టంలేక అని ఆయన చెప్పలేదు. ఆయన భార్య గురవమ్మ చెప్పింది.

షాపులో రిమోట్ చక్కగా పనిచేసింది. చేలో బిగించాక పది అడుగులు దాటితే మూగబోయింది.

"దీనికంటే నడిచెళ్ళి నొక్కుకోవడమే సుఖం గదమ్మాయ్!" వెంకయ్య పక్కచేను రామాంజనేయులుకు వినపడేలా నవ్వాడు. "నా మోటారు నా మాట వింటది గానీ డబ్బాల మాట వినదులే." చుట్ట వెలిగించుకుని అవతలి గట్టుకు పోయాడు.

నస్రత్‌కు ఒళ్ళు మండింది. షెడ్డులోకి వెళ్ళి ఇనప పెట్టె మూత విప్పింది. యాంటెన్నా తీగ చుట్టలు చుట్టుకుని లోపల పడి ఉంది.

"ఎవరు చుట్టారు మామూ?" అని వెంట వచ్చిన జాన్ బాషాను అడిగింది.

"నేనే. తోకలా వేలాడుతుంటే బాగాలేదని."

"ఇనప పెట్టెలో మూసేస్తే సిగ్నల్ ఎట్టా అందుద్ది మామూ!"

రిమోట్ పంపే రేడియో తరంగం పొడవు అరవై తొమ్మిది సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతుకు కొత్త తీగ కోసి, పెట్టె పైకి నిటారుగా తీసింది. అరుగు మీద నుంచి నొక్కితే మోటారు తిరిగింది, కానీ మళ్ళీ నొక్కితే ఆగలేదు. మోటారు అదురుకి లోపల ఏదో వదులవుతోందనుకుని, షెడ్డుకు తిరిగొచ్చి కరెంటు ఆపి, పెట్టెలో ఒక్కో వైరునూ పుల్లతో కదిపింది. గ్రౌండు వైరు ఊడి చేతికొచ్చింది. ఆ సోల్డరింగ్ తను చేసిందే. నాలుక కరుచుకుని, మామ అటు తిరిగినప్పుడు గబగబా అతికేసింది.

వెంకయ్య తిరిగొచ్చేసరికి రిమోట్ ఆమె చున్నీ కింద ఉంది.

"మీ మాట వింటుందన్నారుగా బాబాయ్, ఒకసారి చెప్పండి."

వెంకయ్య సరదాగా చెయ్యెత్తి "తిరుగు!" అన్నాడు. తిరిగింది. బిత్తరపోయి "ఆగాగు!" అన్నాడు. ఆగింది.

రామాంజనేయులు గట్టు దాటి పరుగున వచ్చాడు. "ఒరేయ్, నేను చెప్తా ఉండు. తిరుగు!" మోటారు కదల్లేదు.

"అది నా మోటార్రా," అని వెంకయ్య మీసం దువ్వి, "తిరుగమ్మా," అన్నాడు. తిరిగింది. కోతకొచ్చిన కూలీలంతా మూగారు. జాన్ బాషా నవ్వాపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

అప్పుడే క్యారేజీతో వచ్చిన గురవమ్మ, చున్నీ కదలడం కనిపెట్టింది. మెల్లగా పక్కకొచ్చి చెయ్యి చాచింది. నస్రత్ రిమోట్ ఇచ్చేసింది.

"ఆగు!" అన్నాడు వెంకయ్య. ఆగలేదు. "ఆగవే!" గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు.

"ఇక చాల్లే, అన్నానికి రావయ్యా," అంది గురవమ్మ. మోటారు ఆగింది.

ఆమె చేతిలోది చూసి కూలీలు గొల్లుమన్నారు. వెంకయ్య కాసేపు మొహం మాడ్చుకుని, చివరికి తనూ నవ్వాడు.

వారం తర్వాత ఆయన ఒక్కడే షాపుకొచ్చాడు.

"ఇంకో రిమోట్ చెయ్యమ్మాయ్. ఉన్నది మా ఆవిడ ఇవ్వట్లేదు. పైపు కింద స్నానం చేస్తుంటే, ఒళ్ళంతా సబ్బున్నప్పుడు ఆపేస్తంది."

"మొన్న పిన్ని వచ్చారు బాబాయ్. మీరడిగితే తనకు చెప్పకుండా చెయ్యొద్దన్నారు."

వెంకయ్య బెంచీ మీద కూలబడ్డాడు.

"అయితే ఆమెనే అడుగు. నేనడిగానని మాత్రం చెప్పమాక."