తూర్పు పేటల గోదా

జ్ఞానశేఖర్ మాష్టారు పురసభ ఎన్నికలో గెలిచి ఇంటికి వచ్చిన సాయంత్రం, తనకు ఓటు వేసినవాళ్లలో సగం మందికి సంతకం పెట్టడం రాదని భార్యతో అన్నాడు. ప్రేమమణి ఆయన మెడలోని దండ తీసి మేకుకు తగిలిస్తూ, "అయినా వేశారు కదండీ" అంది. ఆ మాట ఆయనకు పొగడ్తలా వినిపించలేదు.

పోలీసు చర్య జరిగి అప్పటికి నాలుగేళ్లు. సికిందరాబాదులో రైలు పట్టాలకు తూర్పున ఉన్న మెట్టుగూడ, లాలాగూడ, వాటి పక్క బస్తీలన్నిటికీ కలిపి కొత్తగా ఒక పురసభ ఏర్పడింది. తొమ్మిదిమంది సభ్యులు. మెట్టుగూడ నుంచి మాష్టారు. ఆయన తండ్రి గుంటూరు నుంచి మిషన్ బడిలో పంతులుగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. మాష్టారు కూడా ముప్పై ఏళ్లు ఇంగ్లీషూ తెలుగు వ్యాకరణమూ చెప్పి రిటైరయ్యాడు. ఆయన నిజాయితీని ఎవరూ శంకించలేదు. ఆయన పక్కన రెండోసారి కూర్చోవడానికి కూడా ఎవరూ ఇష్టపడలేదు.

అధ్యక్షుడు బ్రహ్మచారికి కలప డిపో ఉంది. పోలీసు చర్యకు ముందు షేర్వానీలో తిరిగేవాడు, తరువాత ఖద్దరులోకి మారాడు. దర్జీ మాత్రం మారలేదు. ఇంకో ముగ్గురు సభ్యులు ఆయన నవ్వితే నవ్వేవారు, లేస్తే లేచేవారు. మాష్టారు వాళ్లను పేర్లతో గుర్తుపెట్టుకునే శ్రమ కూడా తీసుకోలేదు.

ఆ ఏడు పురసభ ముందున్న పని ఒక్కటే, నీళ్లు. శివరాత్రి రాకముందే బస్తీల బావులు అడుగంటేవి. లాలాగూడ ఆడవాళ్లు ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం కింద, కారిపోయే ధారకు బిందెలు పెట్టుకుని కూర్చునేవారు. ఇంజను వెళ్లిపోయాక గొట్టం చివర ఓ పావుగంట చుక్కలు పడేవి. ఆ చుక్కల కోసం తగాదాలు. పెద్ద పైపు వేసి రెండు పేటలకూ నల్లాలు తేవాలని అందరూ ఒప్పుకున్నారు. డబ్బు కూడా మంజూరైంది.

డబ్బు మంజూరైన నెలకే బొంబాయి నుంచి రిచర్డ్ దిగాడు.

రిచర్డ్ ఒక కుస్తీ కంపెనీ ఏజెంటు. తల్లి లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టిన మనిషి గనుక తెలుగు వచ్చు. తెల్ల సూటు వేసుకుని, అట్టముక్కలతో చేసిన నమూనా ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు. గుండ్రటి గోడ, లోపల మెట్లు మెట్లుగా అయిదువేల సీట్లు, నడుమ గోదా. పోలీసు చర్యప్పుడు సైన్యం లారీలు నిలిచిన మైదానంలో పురసభ దీన్ని కట్టిస్తే చాలు, ప్రతి చలికాలం హంగేరీ, పంజాబు, ఇరాన్ పహిల్వాన్లు ఇక్కడికే వస్తారన్నాడు.

"హోటళ్లు వస్తాయి, దుకాణాలు వస్తాయి. బొంబాయి పేపర్లలో మీ పేరు వస్తుంది. నల్లా పెడితే ఏ పేపరు రాస్తుంది సార్?" అన్నాడు.

బ్రహ్మచారి నమూనాను రెండు చేతులా పట్టుకుని చూశాడు. సీట్లన్నీ టేకుతోనే ఉండాలని రిచర్డ్ చెప్పాడు. సభలో ఆయనకు మిగతావన్నీ వినబడ్డాయో లేదో గాని, ఆ ముక్క బాగా వినబడింది.

నీళ్ల డబ్బును గోదాకు మళ్లించాలనే తీర్మానం మీద ఓటింగు వారం తరువాత పెట్టారు. మాష్టారు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. బ్రహ్మచారి, ఆయన తోకలు ముగ్గురు, మొత్తం నాలుగు. ఇటు తనతో కలిపి నాలుగు. మిగిలింది లాలాగూడ సభ్యుడు పర్వతాలు.

పర్వతాలు రైల్వే వర్క్‌షాపులో సమ్మెట కొట్టే మనిషి. యాభై దాటినా భుజాలు తలుపు నిండా ఉండేవి. లాలాగూడలో ఎర్రమట్టి పోసి తాలీం నడిపేవాడు. పదిహేనుమంది కుర్రాళ్లు రోజూ అక్కడ కుస్తీ నేర్చుకునేవారు. చదువు లేదు.

ఓటింగు రోజు పొద్దున్నే ఆయన మాష్టారింటికి వచ్చాడు. చేతిలో కంపెనీ ఒప్పందపు కాగితం.

"సారూ, గీ ఇంగ్లీషు కాయితంల ఏమున్నదో జెర చదివి చెప్పుండ్రి."

మాష్టారు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. గోడ, సీట్లు, గదులు, దీపాలు అన్నీ పురసభ పెట్టాలి. పన్ను వెయ్యకూడదు. కంపెనీ మాత్రం, వసతులు తనకు తృప్తిగా తోస్తే వస్తుంది.

"అంటే రాకున్నా నడుస్తదన్నట్టు" అన్నాడు పర్వతాలు.

"అంతే."

ఇంత తొందరగా పట్టుకున్నందుకు మాష్టారు ఆశ్చర్యపోయాడు. తనంతట తానే ఇంటిదారి పట్టిన ఎద్దును చూసి ఆశ్చర్యపోయినట్టే ఉంది ఆయన చూపు. ప్రేమమణి మాత్రం లోపలి నుంచి టీ తెచ్చి, "తీసుకో అన్నా" అని ఇచ్చింది.

పర్వతాలు గ్లాసు అందుకుని పక్కన పెట్టుకున్నాడు. తరువాత నేల చూస్తూ చెప్పాడు.

"నేను సుత గసుంటి కంపెనీల పన్జేసిన సారూ. పెండ్లికి ముందు, బొంబాయిల, ఆరు నెలలు. ఎవడు గెలవాల్నో, ఎవడు పడాల్నో పొద్దుగాలనే చెప్తరు. ఏడో నిమిషానికి పడుమన్నరు. పడ్డ. చిత్ అయినట్టు పండుకున్న. జనం నవ్విండ్రు. ఆఖరికి మా ఉస్తాద్‌కు సుత ముఖం చూపియ్యలే. ఇయ్యాల్టిదాంక తాలీంల ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల సభల చెప్తా. మా పోరగాండ్లను సుత రమ్మన్న. వాండ్లను నా నోటితోనే ఇననియ్యుండ్రి."

"చెప్పు. మంచి సాక్ష్యం" అన్నాడు మాష్టారు. ఆయన ఆ మాటల్లో సాక్ష్యాన్ని ఒక్కదాన్నే విన్నాడు.

సభ పన్నెండు గంటలకు మొదలైంది. వెనక బెంచీల మీద జనం. తాలీం కుర్రాళ్లు ఉతికిన చొక్కాలు వేసుకుని వరసగా కూర్చున్నారు. మాష్టారు ముందు లేచి, ఒప్పందాన్ని చీల్చి చెండాడాడు. బాగా మాట్లాడాడు. అయితే మధ్యమధ్య బ్రహ్మచారిని కలప పురుగన్నాడు, ఆయన వెనక ముగ్గురినీ మూడు కుర్చీలన్నాడు. తన వైపు ఉన్న సభ్యులు కూడా తలలు దించుకున్నారు.

తరువాత పర్వతాలు లేచాడు. ఆయన ఏనాడూ సభలో నాలుగు మాటల కన్న ఎక్కువ మాట్లాడలేదు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"నేను... చిన్నగున్నప్పుడు బొంబాయికి పోయిన. ఆడ కుస్తీలు జేసిన. గవి కుస్తీలు గావు. ఏందంటే... మనిషి పడేది... గిట్ల పడుడు వేరు, పడేసుడు వేరు..."

ఆగాడు. గొంతు సరిచేసుకున్నాడు. మళ్లీ, "ఏందంటే..." అన్నాడు. ఎవరో దగ్గారు. బ్రహ్మచారి గోడ గడియారం చూశాడు. తన వాదన గాలికి పోతోందని మాష్టారికి అనిపించింది. ముప్పై ఏళ్లు తరగతిలో తడబడేవాళ్లను ఆయన ఎలా చేశాడో ఇప్పుడూ అలాగే చేశాడు. చెయ్యి ఊపి పర్వతాలును ఆపి, లేచి నిలబడ్డాడు.

"అధ్యక్షా, ఈయన చెప్పదలచుకున్నది నేను తెలుగులో చెబుతాను. ఈ కంపెనీ కుస్తీలన్నీ బూటకం. ఈయనే స్వయంగా డబ్బు తీసుకుని, చెప్పిన నిమిషానికి వెల్లకిలా పడ్డాడట. పొద్దున మా ఇంటికి వచ్చి ఒప్పుకున్నాడు. ఇంతకన్న రుజువు ఏం కావాలి?"

వెనక బెంచీల మీద తలలన్నీ పర్వతాలు వైపు తిరిగాయి.

"ఏందీ? మన పర్వతాలు పైల్వాన్ పైసలకు పడ్డడా?" అన్నాడు బ్రహ్మచారి నిదానంగా. మూడు కుర్చీలూ నవ్వాయి. ఆ నవ్వు వెనక బెంచీలకు పాకింది. తాలీం కుర్రాళ్లు నవ్వలేదు. వాళ్లలో ఒకడు లేచి బయటికి వెళ్లిపోయాడు.

పర్వతాలు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. గోదా కావాలన్నవాళ్లు చేతులెత్తమంటే ఎత్తలేదు. వద్దన్నవాళ్లు ఎత్తమన్నప్పుడూ ఎత్తలేదు. మాష్టారు, "పర్వతాలూ, చెయ్యి ఎత్తు" అన్నాడు, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. పర్వతాలు ఎదుటి గోడ చూస్తూ ఉండిపోయాడు.

నాలుగుకు నాలుగు. అధ్యక్షుడి రెండో ఓటుతో గోదా నెగ్గింది.

ఇంటికి వచ్చి మాష్టారు మూర్ఖత్వం గురించి చాలాసేపు మాట్లాడాడు. ప్రజాస్వామ్యం ఇలాంటివాళ్ల చేతికి వస్తే ఇంతేనన్నాడు. ప్రేమమణి అంతా విని, "ఆయన చెప్పుకుంటానన్నది మీరెందుకు చెప్పారు?" అని అడిగింది.

"వాడికి చెప్పడం చేతకాక."

"చేతకాకపోతే ఇంకో అయిదు నిమిషాలు పట్టేది" అని ఆమె చేటలో బియ్యం పోసుకుంది.

గోదా కట్టడానికి పదమూడు నెలలు పట్టింది. టేకు ఎవరి డిపో నుంచి వచ్చిందో చెప్పనక్కరలేదు. గోడ గుండ్రంగా రావలసింది గుడ్డు ఆకారంలో వచ్చింది. ఒకవైపు కాంట్రాక్టరు బావమరిది ఇల్లు అడ్డం ఉందట. గేటు మీద సిమెంటు పహిల్వాను బొమ్మ ఒకటి పెట్టారు. దాని పొట్ట బ్రహ్మచారి పొట్టను పోలి ఉందని జనం అనుకున్నారు. ఆ వేసవిలో కూడా ఇంజను గొట్టం కింద బిందెలు అలాగే ఉన్నాయి.

కంపెనీ ఆ చలికాలం రాలేదు. పైకప్పు లేదని రిచర్డ్ ఉత్తరం రాశాడు. పురసభ సగం కప్పు వేయించింది. మరుసటి చలికాలం ఒకే ఒక్క ఆదివారం మధ్యాహ్నం ఆట పెట్టారు. వచ్చినవాళ్లు ఆరుగురు పహిల్వాన్లు. హంగేరీ చాంపియన్ అని చెప్పినతను నడుముకు కట్టు కట్టుకుని వచ్చాడు. బ్రహ్మచారి వెల్వెట్ కుర్చీలో కూర్చున్నాడు. అయిదువేల సీట్లూ నిండాయి. వర్క్‌షాపు జనమంతా వచ్చారు. మాష్టారు కూడా టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాడు. మోసపోయామని తెలిసినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలని ఆయన కోరిక.

ఆయన అనుకున్నది జరగలేదు. ఎవరూ గోల చెయ్యలేదు, రాళ్లు వెయ్యలేదు. ఎర్రమట్టిలో చిన్నప్పటి నుంచి దొర్లిన జనం వాళ్లు. మెడ మీద దెబ్బ పడకముందే హంగేరీ అతను వంగడం మొదటి కుస్తీలోనే చూశారు. రెండో కుస్తీలో పంజాబు అతను పడబోయే చోటు ముందే చూసుకుని పడ్డాడు. ముందు వరసలో ఒక ముసలి ఫిట్టరు లేచి, తువ్వాలు దులుపుకుని, బయటికి నడిచాడు. ఆయన వెనక పదిమంది. తరువాత వరసలకు వరసలు. "కూర్చోండి సార్, అసలు ఆట ఇంకా షురూ కాలేదు" అని రిచర్డ్ మైకులో అంటున్నాడు. మూడో కుస్తీకి మళ్లీ దిగిన హంగేరీ చాంపియన్ ప్రత్యర్థిని ఎత్తి పట్టుకుని, ఎవరి కోసం పడెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

కంపెనీ మళ్లీ రాలేదు. మరో ఊరు పూర్తి కప్పు వేసి ఇస్తానందని తెలిసింది.

ఆట జరిగిన మర్నాడు సాయంత్రం మాష్టారు లాలాగూడ తాలీంకు వెళ్లాడు. ఓటింగు తరువాత ఆయన అటు వెళ్లడం అదే మొదలు. పర్వతాలు పారతో మట్టి తిరగేస్తున్నాడు. పదిహేనుమంది ఉండే చోట తొమ్మిదిమంది ఉన్నారు.

"చూశావా? నేను చెప్పిందే జరిగిందా లేదా?"

పర్వతాలు పార ఆపాడు. కోపం ఏమీ కనిపించలేదు ఆయన ముఖంలో.

"జరిగింది సారూ. మీరు చెప్పిండ్రు. నన్ను చెప్పనియ్యలే."

పర్వతాలు జవాబు కోసం ఆగలేదు. వంగి మళ్లీ మట్టి తిరగెయ్యసాగాడు. కుర్రాళ్లలో ఒకడు మాష్టారి చెప్పులు మట్టి అంచున ఉన్నాయని, జెర అవతలకు జరగమని మర్యాదగానే చెప్పాడు. ఆయన జరిగాడు. అలా జరుగుతూ జరుగుతూ రోడ్డు మీదికి వచ్చేశాడు.

వారంలో రాజీనామా ఇచ్చాడు. ఉత్తరం ఇంగ్లీషులో నాలుగు పేజీలు. పురసభలో ఎవరూ చదవలేదు. గుమస్తా దాని మీద ముద్ర వేసి కట్టలో పెట్టాడు.

పర్వతాలు పురసభలోనే ఉన్నాడు. ప్రతి సోమవారం డ్యూటీ దిగి, మసి బట్టలతోనే వచ్చి, నీటి పనుల ఇంజనీరు గది ముందు బెంచీ మీద కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. పిలిచి అడిగితే, "నల్లా సంగతి సారూ" అనేవాడు. ఏడాదిన్నర కూర్చున్నాడు. ఇంజనీరుకు ఆయన్ను చూడడం ఇబ్బందయి, దారి మార్చుకుని చూశాడు, చివరికి కాగితం కదిపాడు. మొదట లాలాగూడకు పైపు వచ్చింది. తరువాతి ఏడు మెట్టుగూడకు వచ్చింది.

మాష్టారి వీధిలో నీళ్లు వదిలిన పొద్దున ఆడవాళ్లంతా బిందెలతో చేరారు. ప్రేమమణి కూడా వెళ్లింది. మాష్టారు అరుగు మీద నిలబడి కాసేపు చూసి, కిందికి దిగి ఆమె దగ్గరకు వచ్చాడు.

"ధార మరీ సన్నగా ఉందే. పైపు సైజు తప్పుగా వేసి ఉంటారు వెధవలు."

"తెచ్చినాయనతో చెప్పండి" అంది ప్రేమమణి.

బిందె నిండడానికి చాలాసేపు పట్టింది. నిండాక ఆమె ఎత్తుకోబోతుంటే, మాష్టారే వంగి రెండు చేతులా పట్టుకుని ఇంట్లోకి మోశాడు.