పొదలో బాలింత

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నా భార్య రూతు అంటుంది. అబద్ధమేమీ కాదు. ఆ గురువారం మడ అడవిలో ఒక పిల్లి మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

అది 1959. సర్వేయరుగా కరకట్ట లైను కొలవడానికి వచ్చి, నాగాయలంకకు దిగువన గుడారాలు వేసుకుని పన్నెండు రోజులైంది. శనివారం మధ్యాహ్నం గుడివాడలో మా ఇంటి నుంచి రైలుకు రూతు తొలి కాన్పుకని నంద్యాలలో పుట్టింటికి వెళ్తుంది. మళ్లీ ఆరు నెలల దాకా కనబడదు. "నేనే వచ్చి రైలెక్కిస్తా" అని మాటిచ్చాను. కానీ లైను పూర్తయితేగాని ఇంజనీరుగారు సెలవివ్వరు. అడ్డంగా ఉన్న ఒక్క పొద కొట్టేస్తే శుక్రవారం సాయంత్రానికి పడవెక్కేయొచ్చు.

కొలత చైను లాగే రామబ్రహ్మం దివిసీమ మనిషి. పొద మీదకు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆపేశాడు. లోపల బావురుపిల్లి, మడల్లో చేపలు పట్టి తినే అడవిపిల్లి. దాని పొట్ట దగ్గర కళ్లు తెరవని మూడు కూనలు. అది పారిపోలేదు, చెవులు వెనక్కి వాల్చి గుర్రుమంది.

"కొట్టవయ్యా, అదే పోతుంది."

"బాలింతండీ. ఇప్పుడు లేపితే పిల్లల్నొదిలేసి పోద్దండీ."

"పురుడు పోసుకోడానికి దానికి నా లైనే దొరికిందా?"

"మనమే దానింటికొచ్చామండీ," అన్నాడు నెమ్మదిగా.

తిట్టబోయాను. అంతలో ఏడో నెల పొట్టతో గుమ్మంలో నిలబడి నన్ను సాగనంపిన రూతు కళ్ల ముందు మెదిలింది.

పొదను వదిలేసి చుట్టూ తిరిగి కొలిచాం. గుడారాలూ పొయ్యీ దూరంగా జరిపాం. రెండు రోజులు ఎక్కువ పట్టింది. శనివారం రైలు వేళకు నేను మోకాలి లోతు బురదలో జెండాకర్ర పట్టుకుని ఉన్నాను. ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. బయల్దేరే రోజు దూరం నుంచి చూస్తే, ఆ పిల్లి చేపను నోట కరుచుకుని పొదలోకి వెళ్తోంది.

గుడివాడలో ఇంటికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఇస్తూ పక్కింటి సుబ్బరత్నమ్మగారు, "నేనే వెళ్లి ఎక్కించాను. రైలు కదిలేదాకా కూర్చోలేదయ్యా నీ భార్య. తలుపు దగ్గరే నిలబడి స్టేషను గేటు వైపే చూస్తా ఉంది," అన్నారు.

దండెం మీద ఆమె మరిచిపోయిన చీర ఉంది. తీయబుద్ధి కాలేదు. జరిగినదంతా రాసి, క్షమించమని ఉత్తరం వేశాను.

పది రోజులకు కార్డు వచ్చింది. "మీ మీద కోపం తగ్గలేదు. ఆ తల్లికి ఎన్ని పిల్లలో రాయలేదేం? బాగున్నాయా?"

మూడని, బాగున్నాయని రాద్దామని కూర్చున్నాను. నువ్వెలా ఉన్నావు, నువ్వు లేని ఇల్లెలా ఉందంటూనే నాలుగు పేజీలైనా ఆ ముక్క దాకా రాలేకపోయాను.