నీడ దాటిన నీళ్లు

చెయ్యి నీళ్లలో ఉంది.

మోచేతి దాకా. వేళ్లు విప్పి, అరచెయ్యి పైకి తిప్పి. కాలువ నీళ్లు చల్లగా వస్తున్నాయి, వేళ్ల సందుల్లోంచి జారిపోతున్నాయి. ఒక ఎండుటాకు వచ్చింది — అది కాదు. నిమ్మతొక్క వచ్చింది — అదీ కాదు.

పోచన్న ఎదురు చూస్తున్నాడు.

ఐదు వందల గజాల ఎగువన మట్టి కోట ఉంది. కాలువ దాని కింద నుంచే వస్తుంది, లోపలివాళ్లు కడుక్కునేదీ ఈ నీళ్లలోనే. కోట లోపల జైలు. జైలు లోపల ఇస్తారి — పోచన్న భార్య యాదవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు.

రోజూ ఈ వేళకు ఇస్తారి నీళ్లలో ఒకటి వదులుతాడు. నలభై రోజులుగా వదులుతున్నాడు.

ఈ రోజు ఇంకా రాలేదు.

*

అరబ్బు దేశంలో బహ్లా అనే పట్నం నుంచి కొండల వైపు గంట ప్రయాణం. ఆ ఊరికి ఏదో పొడుగాటి పేరుంది. పోచన్న లాంటి వాళ్లు మాత్రం కోట ఊరు అనే అంటారు. అది తొంభై మూడు, ఎండాకాలం.

ఊరు ఎలా పుట్టిందో నీళ్ల పెద్ద రషీద్ చెప్పాడు. ఎవరి తోటకు ఎప్పుడు నీళ్లో చూసే ముసలాయన. అడిగినా చెప్తాడు, అడక్కపోయినా చెప్తాడు.

ముందు కొండ కడుపులో నీళ్లు. ఆ నీళ్ల కోసం సొరంగం. సొరంగం బయటపడే చోట కోట — కోట ఎవరిదైతే నీళ్లు వాళ్లవి. కోట దాటాక మసీదు. మసీదు దాటాక ఖర్జూర తోటలు, ఒకదాని వెనక ఒకటి. తోటల వెనక ఇళ్లు.

నీళ్లు నడిచిన వరసలోనే ఊరు కూడా నడిచింది.

తోటల పక్కన ఖాళీ జాగాలో ఒక కర్ర పాతి ఉంటుంది. దాని నీడ నేల మీద రాళ్ల వెంట జరుగుతుంది. ఒక్కో రాయి ఒక్కరి వంతు. నీడ రాయిని తాకిందా — నీళ్లు తిప్పెయ్యాలి. ఊళ్లోకి చేతి గడియారాలు వచ్చాయి, కార్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి. నీళ్లకు మాత్రం ఇప్పటికీ కర్ర నీడే.

నీడ దాటాక నీళ్లు పట్టుకున్నవాడు దొంగ.

వెనకటికి కోటలో జైలు కట్టింది అలాంటి దొంగల కోసమేనట. శిక్ష ఏమిటంటే — సొరంగంలో దిగి పూడిక తియ్యాలి, కాలువను ఇంకాస్త ముందుకు తవ్వాలి. ఒక్కో దొంగ కొంత తవ్వాడు. తవ్విన చోట ఒక తోట లేచింది. తోట వెనక రెండిళ్లు లేచాయి.

"మా ఊరిని కట్టింది దొంగలే" అని రషీద్ నవ్వుతాడు. ఆయన తాత కూడా ఆ జైల్లో పదకొండు నెలలు ఉన్నాడు. పోచన్న నీళ్లు కట్టే తోట ఆ తాత తవ్విన కాలువ మీదే ఉంది.

ఇప్పుడు ఊరి కుర్రాళ్లంతా ఆఫీసుల్లో చేరిపోయారు. పూడిక తీసేది, నీళ్లు తిప్పేది పోచన్న లాంటి వాళ్లు. జైల్లో ఉండేదీ ఎక్కువగా వాళ్లే... కాగితాలు లేనివాళ్లు.

రషీద్ పని ఏమిటో పోచన్నకు మొదటి రోజే అర్థమైంది. జగిత్యాల దిక్కున అలాంటి మనిషిని నీరటి అంటారు. పోచన్న తండ్రి నీరటి. తూము ఎత్తడం, దించడం, రైతులతో తిట్లు తినడం ఆ ఇంటి పని. నీళ్ల దగ్గర తప్పు చేసినవాడిని ఊరు ఎలా చూస్తుందో పోచన్న చిన్నప్పుడే చూశాడు. అందుకే ఇక్కడికి వచ్చిన ఈ ఆరేళ్లలో ఒక్కసారి కూడా నీడ దాటనివ్వలేదు.

ఒక్కసారి కూడా.

*

ఇస్తారి ఇబ్రా అనే ఊరి దగ్గర కంకర మిషన్ మీద పని చేసేవాడు. దుమ్ము. పొద్దంతా దుమ్ము. దగ్గు పట్టుకుంది. వేరే డ్యూటీ ఇమ్మని అడిగాడు, ఇవ్వలేదు. పాసుపోర్టు అక్కడే వదిలేసి, లారీ ఎక్కి, బావ దగ్గరికి వచ్చేశాడు.

"రెండు నెల్లుంట బావా. దగ్గు తగ్గినంక నా తొవ్వ నేను చూస్కుంట."

"ఉండు. నిన్ను ఎల్లగొడ్తనా?"

తోటలో పంపు గది ఉంది. అందులో పడుకున్నాడు. పొద్దున్నే బావతో పాటు నీళ్లు తిప్పాడు. నీడ ఏ రాయి నుంచి ఏ రాయి దాకా తమ వంతో నేర్చుకున్నాడు. దగ్గు కొంచెం తగ్గింది. పాటలు కూడా పాడేవాడు, అన్నీ సగం సగం.

ఒక పొద్దున పోలీసు జీపు తోట గట్టున ఆగింది. పని కార్డు చూపించమన్నారు. బతాకా అంటారు దాన్ని. పోచన్న చూపించాడు. ఇస్తారి దగ్గర లేదు.

"ఇతను నీకు ఎవరు?"

పోచన్న పార మీద పట్టు బిగించాడు. దాచిపెట్టాడని తెలిస్తే తన బతాకా కూడా పోతుంది. యాదవ్వ, ఇద్దరు పిల్లలు, సగం లేచిన ఇంటి గోడలు... అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

"తెల్వదు సార్" అన్నాడు.

ఇస్తారి బావ వైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత పోలీసు వైపు తిరిగి, "పానీ పీనే ఆయా సాబ్" అన్నాడు. నీళ్లు తాగడానికి ఆగానని.

జీపు వెళ్లిపోయింది. పోచన్న చేతిలో పార అలాగే ఉండిపోయింది.

సిగ్గేసింది. ఆ రోజూ సిగ్గే, ఈ రోజూ సిగ్గే. అన్నం ముందు కూర్చుంటే సిగ్గు, ఖాళీ పంపు గది తలుపు వెయ్యబోతే సిగ్గు. తెలీదన్న మనిషిని చూడ్డానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? కోట తలుపు కొట్టి ఎవరి పేరు చెప్తాడు?

ఆరో రోజున కాలువలో అది వచ్చింది.

చిటికెన వేలంత. ఖర్జూరాకు ముక్క — చాపలోంచి పీకినది. గుండ్రంగా చుట్టి, కొస లోపలికి మడిచి, ఆకుపచ్చ దారంతో కట్టినది. దారం దుప్పటిది.

ఖాళీ బీడీ.

ఆ ఊళ్లో బీడీ చుట్టడం ఎవరికీ రాదు. యాదవ్వకు వచ్చు. పదేళ్ల వయసు నుంచి చాట ఒళ్లో పెట్టుకుని చుట్టింది. పక్కన కూర్చుని ఇస్తారీ నేర్చుకున్నాడు. కానీ వాడిది ఎడమచెయ్యి వాటం. దారం అందరిలా తిరగదు, ఉల్టా తిరుగుతుంది. వెయ్యి బీడీల్లో కలిపినా ఇంట్లో వాళ్లకు తెలిసిపోయేది. ఉల్టా ముడి తమ్మునిది అని యాదవ్వ ఏరి పక్కన పెట్టేది.

నీళ్లలో ఆ ఉల్టా ముడి చూసి పోచన్న గట్టు మీద కూలబడ్డాడు. ఏడ్చాడు. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాడు.

"ఉన్న బావా" అని కబురు... అంతే. ఇద్దరికీ చదువు రాదు. వచ్చినా అంతకన్నా ఏం రాస్తాడు?

అప్పటి నుంచి రోజుకొకటి. తమ వంతు నడుస్తుండగానే, ఎప్పుడూ. పోచన్న ఒకసారి కోట గోడ పక్కన ఎండుటాకు వేసి, దాని వెంట నడిచి చూశాడు. తోటకు చేరడానికి ఒక బీడీ తాగేంతసేపు పట్టింది.

ఇస్తారి నుంచి పోచన్నకు వస్తుంది. పోచన్న నుంచి ఇస్తారికి ఏమీ వెళ్లదు. నీళ్లు కిందికే వస్తాయి. దొరికిందని చెప్పలేడు. తప్పయిందని చెప్పలేడు.

ఊరి నుంచి క్యాసెట్టు వచ్చింది. యాదవ్వ గొంతు. "తమ్ముడు మంచిగున్నడా? దగ్గు తగ్గిందా? వాని మాట ఒక్కపారి ఇనిపియ్యరాదుండ్రి." పోచన్న టేపు రికార్డర్ దగ్గరికి వంగి చెప్పాడు — "మంచిగున్నడు. డ్యూటీల ఉన్నడు." ఆ పొద్దున బీడీ వచ్చింది. అందుకని పూర్తి అబద్ధం అనిపించలేదు.

మొన్న వచ్చింది. నిన్న వచ్చింది.

ఈ రోజు...

*

నీడ రాయికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది.

రెండు వేళ్ల దూరంలో ఉంది.

తాకింది.

తిప్పాలి. గుడ్డ చుట్టిన రాయిని తోట మూతికి అడ్డం పెడితే నీళ్లు పక్క కాలువలోకి మళ్లుతాయి, ఆడవాళ్ల స్నానాల గదికి పోతాయి. తర్వాతి వంతు వాళ్లది. వాళ్ల వంతు నడిచేటప్పుడు మగవాడు కాలువ గట్టున కనిపించకూడదు. గట్టు వదిలి వెళ్లిపోవాలి. ఆ తర్వాత నీళ్లలో ఏం వచ్చినా పోచన్న చూడలేడు.

రాయి మీద ఒక చెయ్యి ఉంది. నీళ్లలో ఒక చెయ్యి ఉంది.

ఇంకొక్క క్షణం... ఇంకొక్కటి...

దగ్గు తిరగబెట్టిందా? లేవలేకపోతున్నాడా? దుప్పటిలో దారం అయిపోయిందా? విమానం ఎక్కించేశారా? ఎక్కిస్తే మంచిదే కదా — మరి గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది? లేక కోపం వచ్చిందా? నలభై రోజులు ఆగి, ఇప్పుడు వచ్చిందా కోపం?

నీడ ఒక వేలు దాటింది.

స్నానాల గది గోడ అవతల బకెట్ల చప్పుడు. నీళ్లేవని ఎవరో ఆడమనిషి అరబ్బీలో కేక వేసింది. ఆ గొంతు ఖతీజాది, రషీద్ భార్యది. పోచన్న కదల్లేదు.

రెండు వేళ్లు.

ఎండుటాకు వచ్చింది. అది కాదు. ఈక వచ్చింది. అది కాదు.

చేతికర్ర చప్పుడు వినిపించి తలెత్తాడు. రషీద్. ముసలాయన ముందు నీడను చూశాడు. తర్వాత పోచన్న చేతి కింద గుడ్డ చుట్టిన రాయిని చూశాడు. ఆ తర్వాతే పోచన్నను చూశాడు.

"మూడు వేళ్లు" అన్నాడు. వాళ్లిద్దరిదీ సగం హిందీ, సగం అరబ్బీ. ఆరేళ్లుగా అందులోనే బతికారు. "నిద్రపోయావా?"

అవునంటే చాలు. నాలుగు తిట్లు తిట్టి వదిలేస్తాడు. నిద్రకు మన్నింపు ఉంది ఆ ఊళ్లో.

"లేదు" అన్నాడు పోచన్న.

"మరి?"

"లోపల నా మనిషి ఉన్నాడు. ఆ రోజు ఇక్కడ పట్టుకుపోయిన పిల్లవాడు. తెలీదని చెప్పాను. నా భార్య తమ్ముడు."

అనేశాడు.

 రషీద్ కర్ర పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, రాయిని తనే తీసి తోట మూతికి అడ్డం పెట్టాడు. నీళ్లు మళ్లాయి. గోడ అవతల ఆడవాళ్ల మాటలు మళ్లీ మామూలయ్యాయి.

"మా తాత కూడా మూడు వేళ్ల నీడకే లోపలికి పోయాడు" అన్నాడు. "ఒక చెట్టు ఎండిపోతోందని. రేపు నీ వంతులో మూడు వేళ్లు ముందే తిప్పు. సరిపోతుంది."

"సరే."

"నిన్న సాయంత్రం కోటకు రెండు బండ్లు వచ్చాయి. రోడ్డు మీద కొత్త జైలు కట్టారు కదా. కోటకు మళ్లీ మట్టి పూసి, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఉంచుతారట. అందరినీ తీసుకెళ్లారో, కొందరినే తీసుకెళ్లారో నాకు తెలీదు. వెళ్లి అడుగు."

"అడిగితే... నీకు ఎవరని అంటారు."

"అంటారు" అన్నాడు రషీద్.

పద, ఆడవాళ్ల వేళ అని కర్రతో దారి చూపించాడు. ఇద్దరూ గట్టు దిగారు.

*

ఆ రోజు పోచన్న వెళ్లలేదు. భయమేసింది. అంతకుమించి కారణం ఏమీ లేదు.

మర్నాడు పొద్దున చెయ్యి నీళ్లలో ఉంది.

కోట బురుజు మీద పావురాలు తప్ప ఏమీ కదలడం లేదు. నీడ జరుగుతోంది. ఈ రోజు మూడు వేళ్లు తక్కువ. ఉన్న కాస్త వంతూ కరిగిపోతోంది. కోట ఖాళీ అయిపోతే ఇక ఏం వస్తుంది? ఆకులు వస్తాయి, ఈకలు వస్తాయి...

వేళ్లకు ఏదో తగిలింది.

ఖర్జూరాకు. గుండ్రంగా చుట్టినది. కొస మడిచినది. ఆకుపచ్చ దారం.

పోచన్న ఊపిరి వదిలాడు. ఉన్నాడు. పిల్లవాడు ఉన్నాడు. కళ్లకు అద్దుకోబోయి, దారం చూశాడు.

మళ్లీ చూశాడు.

దారం సరిగ్గా తిరిగి ఉంది. అందరూ తిప్పినట్టే. కుడిచేతివాళ్లు తిప్పినట్టు.

చుట్టిన తీరు అదే. మడత అదే. దుప్పటి దారం అదే. ముడి మాత్రం ఇస్తారిది కాదు.

పక్కవాడికి నేర్పి వెళ్లాడా? కింద మా బావ చూస్తుంటాడు, రోజూ ఒకటి వదులు అని చెప్పి వెళ్లాడా? వెళ్తే... ఎక్కడికి వెళ్లాడు? లేక వాడేనా — ఎడమచేతికి ఏమైనా అయ్యి, కుడిచేత్తో కట్టాడా? ఏమైంది ఆ చేతికి?

నీడ రాయికి ఇంకా మూడు వేళ్ల దూరంలో ఉంది. పోచన్న గుడ్డ చుట్టిన రాయి అడ్డం పెట్టి నీళ్లు తిప్పేశాడు. బీడీని పిడికిట్లో పెట్టుకున్నాడు. గట్టు దిగి ఇంటి దారి పట్టలేదు. గోడల వెనక సందులోంచి, నీళ్లు వచ్చే వైపుకు నడిచాడు.

తోటలు దాటాడు. మసీదు దాటాడు. ఐదు వందల గజాలు. ఆరేళ్లలో ఆ తలుపు దాకా ఎప్పుడూ రాలేదు.

కొట్టాడు.

పెద్ద తలుపులో చిన్న తలుపు తెరుచుకుంది. మీసాలు సరిగా రాని పోలీసు. వెనక నడవలో చుట్టిన చాపలు, గోడకు ఆనించిన మంచాలు, మట్టి బస్తాలు.

"ఇస్తారి. ఇండియా" అన్నాడు పోచన్న.

పోలీసు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "నీకు ఎవరు?"

అదే ప్రశ్న.

"నా బామ్మర్ది" అన్నాడు తెలుగులోనే. తర్వాత హిందీలో అన్నాడు. తర్వాత వచ్చీరాని అరబ్బీలో అన్నాడు. జేబులోంచి బతాకా తీసి చేతికిచ్చాడు.

పోలీసు దాన్ని తీసుకుని, ఆగమని చెయ్యి చూపించి లోపలికి వెళ్లాడు. తలుపు ఓరగా ఉండిపోయింది.

గడప పక్కన రాళ్లు కాస్త విడిపోయి ఉన్నాయి. ఆ సందులో కాలువ. కోటలోంచి అప్పుడే బయటికి వస్తున్న నీళ్లు. పోచన్న దాని పక్కన కూర్చున్నాడు. గుప్పిట్లో బీడీ మెత్తబడిపోయింది, దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

లోపల ఎక్కడో ఒక తలుపు తీసిన చప్పుడు. ఆ తర్వాత అడుగులు.

వస్తున్నాయి... ఒక్కరివా, ఇద్దరివా... నీళ్ల చప్పుడులో తెలియడం లేదు.

పోచన్న అటు చూడలేదు.

చెయ్యి నీళ్లలో ఉంది. మోచేతి దాకా. వేళ్లు విప్పి.