మధ్యనున్న దశాబ్దము

శరత్కాలము పరిసమాప్తి నొందుచుండెను. వర్షర్తుమేఘమాలిన్యమును కడిగికొని నిర్మలమైన గగనము తన నీలకాంతిని దిగువనున్న సాగరమునకు ధారవోయుచుండ ఆ సాగరము దానిని తరంగహస్తములతో నందుకొని తీరసైకతములపై వెదజల్లుచుండెను. వేటనుండి మరలివచ్చిన పడవలు ఇసుకపై ప్రక్కలకొరిగి అలసిన వృషభములవలె విశ్రమించుచుండెను. పడమటికొండల వెనుకకు జారుచున్న దివాకరుని కడపటికిరణములు శ్వేతవర్ణమైన దీపస్తంభపు శిరోభాగమును కుంకుమరాగముతో తాకి విడువలేక విడుచుచుండెను. అట్టి సాయంసమయమున భీమునిపట్టణములో సముద్రాభిముఖమైన యొక పాతమేడ వసారాయందు గానప్రియసమాజమువారు సమావేశమైరి.

చలనచిత్రగీతములలో ఏ దశాబ్దమునందు పుట్టినవి సర్వోత్తమములు అనునది ఆనాటి వాదవిషయము. వినుటకు వినోదప్రాయమైన ఈ ప్రశ్నయే ఆ సమాజమును నిలువునా చీల్చియుండెను. దీపస్తంభమునందు యావజ్జీవము కొలువుచేసి విశ్రాంతి నొందిన జగ్గునాయుడు ఏబదులనాటి పాటలకు పరమభక్తుడు. రైల్వేయుద్యోగమునుండి విరమించిన సత్యలింగము డెబ్బదులనాటి పాటలకు ప్రాణమునైన నిచ్చువాడు. వీరిరువురును బాల్యమిత్రులయ్యు గతమాసమున జగ్గునాయుడు పదిమందియెదుట మిత్రుని పాటలను రేకుడబ్బాల మ్రోతయని యీసడింపగా సత్యలింగము తాను సమాజమునకిచ్చిన రికార్డుప్లేయరును చంకనబెట్టుకొని యింటికేగెను. నాటినుండి వారికి మాటలు లేవు. సమాజమునకు పాటలు లేవు. మధ్యస్థుని తీర్పుచే ఈ కలహమును ముగింపనిచో సమాజమే మూతవడునని భయపడిన సభ్యులు ఈ సభను కూర్చిరి.

ఏబదులకును డెబ్బదులకును నడుమనున్న అరువదులపక్షమున మాటాడువా డొక్కడును లేకుండెను. అందును జగ్గునాయుడు ఆ కాలపు పాట చెవినిబడినంతనే ఏదోయొక పని కల్పించుకొని లేచిపోవువాడు. దానికి కారణమెవ్వరు నెఱుగరు.

న్యాయనిర్ణేత్రిగా వచ్చినది పైడిరత్నము. ఆమె ఆ పట్టణమున మూడుతరముల బాలికలకు గణితము బోధించిన ఉపాధ్యాయిని. పక్షవాతపీడితుడైన తండ్రిని తుదివరకు సేవించి చెల్లెండ్రకు వివాహములొనరించి తాను అవివాహితగనే యుండిపోయిన ధీరురాలు. ఆమె కూనిరాగము తీయగా విన్నవారెవ్వరును లేరు. ఏ పాటయందును ప్రీతిలేని యీమె పక్షపాతమెఱుగదని యుభయులును ఆమెను సమ్మతించిరి.

మొదట జగ్గునాయుడు లేచెను. డెబ్బదియైదేండ్లు పైబడినను సముద్రపుగాలికి రాటుదేలిన ఆతని కంఠము గంభీరముగనే యుండెను.

"ఏబైల్లో పాట రాసినోళ్ళకి మాట విలువ తెలుసండి. ఒక్క మాట తీసీ చూడండి, పాట కూలిపోతాది. మావోడు మెచ్చుకునే పాటల్లో సగం మాటలు తీసీసినా డప్పు మోగుతూనే ఉంటాది."

సత్యలింగము కూర్చున్నచోటనుండియే ఉరిమెను.

"మోగాలి మరి! పెళ్ళైన కొత్తలో మా ఆవిడా నేనూ సినిమా చూసి ఆ పాటలు పాడుకుంటూ సైకిలు మీద ఇంటికొచ్చీవాళ్ళం. నీ పాటలకి సైకిలు తొక్కగలమా? కళ్ళు మూసుకుని కూర్చోవడం తప్ప దేనికి పనికొస్తాయి?"

సభ యెల్ల గొల్లున నవ్వెను. జగ్గునాయుడును నవ్వబోయి తమకు మాటలు లేవను సంగతి స్మరణకువచ్చి ముఖము బిగించుకొనెను. అటుపిమ్మట వాదము చాలసేపు సాగినది. ఒకరు రాగసౌష్ఠవమును పొగడగా మఱియొకరు లయవైభవమును కీర్తించిరి. వాద్యములను గూర్చియు గాయకుల శ్వాసను గూర్చియు విఱుపులను గూర్చియు వారాడిన మాటలలో శాస్త్రము కొంతయు యౌవనము మిక్కిలియు నుండెను. ఏలయన ప్రతివాడును చిన్నతనముననో యౌవనముననో తాను సుఖపడిన కాలమునే యుత్తమకాలమని నిరూపింప యత్నించుచుండెనేకాని అన్యము కాదు.

ఇక తీర్పు చెప్పవలసినదని కోరబడి పైడిరత్నము లేచి నిలిచెను. ఆమె సముద్రమువైపు చూచుచు మాటాడెను.

"మీరు నన్ను ఎంచుకోవడం పొరపాటండీ. మా ఇంట్లో పాట నిషిద్ధం. రేడియో మాట ఎత్తితే నాన్నగారు అన్నం ముట్టీవారు కారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అరవైల్లో, రోజూ పొద్దున్న బీచిరోడ్డమ్మట బడికి నడిచి వెళ్ళేదాన్ని. దారిలో ఒక కాఫీ హోటలుండీది. అందులో రేడియో. ఆడపిల్ల హోటలు ముందు నిలబడకూడదు కదా, నడుస్తూ ఎంత వినిపిస్తే అంతే నా పాట. అడుగులు చిన్నవి చేసీదాన్ని. కొన్నాళ్ళకి ఒకటి గమనించాను. నేను మలుపు తిరిగీసరికి లోపల ఎవరో రేడియో గొంతు పెంచీవారు. దాటి వెళ్ళాక కూడా బడి గేటుదాకా వినిపించీది."

ఆమె పైట సవరించుకొని మరల చెప్పసాగెను.

"ఒక పాటలో ఒక అమ్మాయి అలని ఏదో అడుగుతుంది. అల ఏం చెప్పిందో వినకుండానే గేటు వచ్చీసీది. ఆ తర్వాత గొంతు పెంచడం ఆగిపోయింది. మరుసటేడు తుపానుకి హోటలే పోయింది. నాన్నగారు పోయాక మా ఇంటికీ రేడియో వచ్చింది. ఆ పాట మొదలైతే కట్టీసేదాన్ని. ఆ రోడ్డు లేకుండా ఆ పాట వినబుద్ధి కాలేదు. నాకు తెలిసిన పాటలన్నీ సగాలే. సగం విన్నదాన్ని మీకు తీర్పేం చెప్పగలను? నా మనసునడిగితే మాత్రం అరవైలే అంటాది."

ఇట్లు పలికి నమస్కరించి ఆమె మెట్లు దిగిపోయెను.

జగ్గునాయుని ముఖమున రక్తము లేకుండెను. సత్యలింగము దానిని గాంచెను. దీపస్తంభమున కొత్తగా కొలువునకు చేరిన యువకుడొకడు ప్రతిదినమును ఆ కాఫీహోటలునందు రేడియో ప్రక్కబల్లనే కోరికోరి కూర్చుండుటయు కాఫీ చల్లారిపోవుచున్నను వీథివంకనే చూచుచుండుటయు తాను పరిహసింపగా ఆ యువకుడు నవ్వి మాట మార్చుటయు ఆతని మనోనేత్రమునకు ఒక్కుమ్మడి తోచెను. ఇన్నేండ్లు తెలియరాని యర్థము ఇప్పుడు తెలిసెను. ఆతడు లేచి మిత్రుని భుజముపై చేయివైచెను.

"ఒరే జగ్గూ, అది నువ్వే కదరా?"

జగ్గునాయుడు తల యూచెను.

"పోటీ ఇక్కడితో చాలండి," అని సత్యలింగము సభవైపు తిరిగి "రికార్డుప్లేయరు రేపు తెచ్చీస్తాను," అనెను. పిదప స్వరము తగ్గించి "వెళ్ళరా. ఇప్పుడైనా వెళ్ళు," అని ఆతనిని మెట్లవైపు మెల్లగా త్రోసెను.

అప్పటికి సూర్యుడు పూర్తిగా క్రుంకియు వెలుతురింకను సముద్రముపై మిగిలియుండెను. పైడిరత్నము తీరమునందలి గట్టుపై గూర్చుండియుండెను. జగ్గునాయుడు రొప్పుచువచ్చి కొంతదూరమున నిలిచెను.

"టీచరుగారూ. ఆ రేడియో నేనేనండి."

ఆమె తలయెత్తి ఆతనిని జూచెను. నాడు చూడ ధైర్యము చాలని ముఖమును ముడుతలనడుమ వెదకుచున్నదో యనునట్లు చాలసేపు చూచెను.

"ఎప్పుడూ చెప్పలేదేం నాయుడుగారూ?"

"చెప్తే మీ నాన్నగారు మిమ్మల్ని ఆ దారిన రానివ్వరని భయమేసిందండి. ఈలోగా నన్ను నడిసంద్రంలో దీవి మీదున్న దీపానికి బదిలీ చేసీసారు. తిరిగొచ్చీసరికి నాకు పెళ్ళయిపోయింది. మా ఆవిడ చాలా మంచిది. ఆవిడున్నన్నాళ్ళూ ఆ పాట తలుచుకోడానికి కూడా నాకు తప్పనిపించీది. అందుకే ఆ పదేళ్ళ జోలికి పోలేదు."

ఆమె కన్నులు చెమర్చెను. కాని కంఠము తడబడలేదు.

"మంచిపని చేసారు. కూర్చోండి."

ఆతడు గట్టుపై నొదిగి కూర్చుండెను. వారి నడుమ మూరెడు తావుండెను. ఆ తావులో అర్ధశతాబ్దము కూర్చున్నట్లుండెను.

"ఇంతకీ అల ఏం చెప్పింది?" అని ఆమె యడిగెను.

ఆతడు వెంటనే నోరు తెరచెను. ఆ తుదిచరణమును దీవిలోని దీపముక్రింద ఒంటరిగా ఎన్ని సంధ్యలలో పాడుకొనెనో లెక్కలేదు. దానిని ఈమెకు వినిపింపగల్గిన దినమొకటి వచ్చునాయని తలంచి తలంచి తుదకు తలంచుటయే మానినవాడు. కాని యిప్పుడు ఎంత యత్నించినను ఒక్క పదమును నాలుకపైకి రాదయ్యెను. నిరంతరస్మరణముచే నిలిచినవి బలవంతపు మరపుచే నశించెను గాబోలు. ఆతడు సిగ్గుతో తలవంచుకొని కన్నులు మూసికొనెను. అంతట పదములులేని రాగమాత్రము వృద్ధాప్యకంపితమైన ఆ కంఠమునుండి నెమ్మదిగా వెలువడెను. పైస్థాయి స్వరమునకు చేరలేక రెండుచోట్ల తెగెను. తెగినచోటనే మరల అందుకొని తుదముట్ట నడచెను.

రాగము ముగిసిన పిమ్మట ఆతడు "మాటలు పోయాయండి. ఒక్కటీ రావట్లేదు," అని గొణగెను.

"గుర్తొస్తే రేపు చెప్పండి."

"రాకపోతేనో?"

పైడిరత్నము కొంగుతో కన్నులొత్తుకొని చిఱునవ్వు నవ్వెను.

"రాకపోతే రేపు కూడా ఇలాగే పాడండి."

ఏ దశాబ్దమునందు ఉత్తమగీతము పుట్టెనో ఆ సమాజము నేటికిని నిర్ణయింపలేదు. పోయిన యౌవనమును ఏ తీర్పును మరల దేజాలదు. పోనిదానిని గుర్తించుటకు మాత్రము ఆయువు చాలినచో అదియే భాగ్యము. తూర్పున జలధిగర్భమునుండి పండువెన్నెలరేడు బరువుగా పైకి తేలుచుండ జాలరిస్త్రీలు ఆరవేసిన వలలను మడచి తట్టలకెత్తుకొని యిండ్లకు మరలుచుండిరి. గట్టుపైనున్న ఆ యిరువురకు మాత్రము ఇంటిమాట తోచలేదు.