పైకి పోయిన గాలి

వీధిలో అందరూ ఆయన్ని ఐసుబాబాయ్ అంటారు. ఎంత మొండి ఫ్రిజ్ అయినా ఆయన చెయ్యి పడితే చచ్చినట్టు చల్లబడాల్సిందే.

ఆ మధ్యాహ్నం ఆయన కోడలు భోజనం డబ్బా పట్టుకుని రిపేరు షాపుకొచ్చింది. వాతావరణ కేంద్రంలో ఆమెకు ఉద్యోగం. బెలూన్లకు పరికరాలు కట్టి ఆకాశంలోకి పంపుతుంది. ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి మామగారు ఓ పాత ఫ్రిజ్ వెనక చతికిలబడి రాగి గొట్టం కత్తిరించాడు. సుయ్యిమని గాలి పోయింది.

"అదేంటి మామయ్యగారూ?"

"పాత గ్యాసమ్మా. వాసన లేదు, మంట లేదు, విషమూ కాదు. వానపాము లాంటిది, ఎవర్నీ కరవదు."

కోడలు డబ్బా బల్ల మీద పెట్టేసింది. "దేంతోనూ కలవదు, చెడిపోదు. అందుకే ఏళ్లకేళ్లు నిలిచి పైదాకా పోతుంది. అక్కడ ఎండ తగిలి విరిగితే క్లోరిన్ బయటికొస్తుంది. ఒక్కో క్లోరిన్ పరమాణువు లక్ష ఓజోన్ అణువుల్ని మింగేస్తుంది. ఎండలోని చెడు కిరణాల్ని ఆపేది ఆ ఓజోన్ పొరే. అది ఎంత పలచబడిందో రోజూ కొలిచేది నేనే."

"నా షాపులో గాలి ఆకాశానికి చిల్లు పెట్టిందంటావా?" అని పకపకా నవ్వాడాయన.

ఆమె నవ్వలేదు. ఆయన నవ్వు ఆగిపోయింది. నలభై ఏళ్లుగా ఇలా ఎన్ని గొట్టాలు కోశాడో!

అంతలో ఇంకోటి గుర్తొచ్చింది. మూతపడిన హోటల్ పాత ఫ్రిజ్‌లన్నీ పొద్దున్నే తమ్ముడి పాతసామాన్ల కొట్టుకి చేరాయి. 'ముందు గొట్టం కోసెయ్, తర్వాత విప్పు' అని తమ్ముడికి నేర్పింది తనే.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. వయసు మరిచి పరిగెత్తాడు.

"ఆగరా! కొయ్యకు!"

తమ్ముడు కత్తెర పట్టుకుని బిత్తరపోయాడు. "ఏమైందన్నయ్యా? గాలేగా!"

ఐసుబాబాయ్ కత్తెర లాక్కున్నాడు. సగానికి పైగా ఫ్రిజ్‌ల గొట్టాలు అప్పటికే తెగి ఉన్నాయి. వెనకే రొప్పుతూ కోడలు వచ్చింది.

"పోయింది వెనక్కి తేలేమా తల్లీ?"

"తేలేం మామయ్యగారూ. కానీ ఈ గ్యాస్ తయారీ ఆపేశారు. పైన ఆ చిల్లు మెల్లగా మానుతోంది. మిగిలింది వదలకుంటే చాలు."

తెలిసిన ఏసీ డీలర్ని బతిమాలి గ్యాస్ పీల్చి సిలిండర్‌లోకి నింపే మిషన్ తెప్పించాడు. ఇంకా కొయ్యని ఫ్రిజ్‌లకు దాని గొట్టం బిగించాడు. తమ్ముడు పట్టుకుని సాయం చేశాడు.

"అన్నయ్యా, ఇన్నాళ్లూ మనకెవరూ చెప్పలేదే?"

"చెప్పే ఉంటార్రా. నేనే వినిపించుకోలేదేమో," అన్నాడాయన, మిషన్ మీటరు ముల్లు మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రానికి సిలిండర్ నిండింది. భోజనం డబ్బా షాపులో మూత తియ్యకుండానే ఉండిపోయింది.